కుడికాలి జాగా

అరలో ఒక్క కాలు మిగిలిపోయింది.

సోమవారం పొద్దున్నుంచి మైమూనా తన బల్ల ఖాళీ చేస్తూ ఉంది. హిందూపురంలోని ఆ వర్క్‌షాపులో ఆమె ఏడేళ్లుగా కాళ్లు తయారుచేస్తోంది. తెగిన కాలి మొండికి ప్లాస్టర్ చుట్టి అచ్చు తీయడం, ఆ అచ్చును ఆకురాయితో నునుపు చేయడం, ఓవెన్‌లో మెత్తబడిన ప్లాస్టిక్ రేకును ఒక్క ఊపులో దానిమీద కప్పడం, కింద రబ్బరు పాదం బిగించి మనిషిని నిలబెట్టడం. ఇదే పని చేయడానికి ఆదివారం ఆమె ఉగాండా పోతోంది. ఆ దేశంలో ఉత్తరాన ఒక చిన్న ఆసుపత్రిలో రెండేళ్లు ఉండాలి. జీతం లేదు, గది, తిండి వాళ్లే చూసుకుంటారు. వెనకటి యుద్ధంలో మందుపాతర మీద అడుగు వేసినవాళ్లు ఆ పల్లెల్లో ఇంకా కర్రల మీద నడుస్తున్నారు. కాలు చేసేవాళ్లు మాత్రం చుట్టుపక్కల లేరు.

బెంగుళూరులో ఎల్లో ఫీవర్ సూది వేయించుకుంది. వీసా వచ్చింది. సొంతంగా కొనుక్కున్న రెండు ఆకురాళ్లు, కొలత పట్టకారు, కత్తెరలు గోనెపట్టాలో చుట్టి పెట్టుకుంది. చివరగా అర తుడుద్దామని గుడ్డ తీసుకుంటే ఈ కాలు కనబడింది. కుడికాలు, మోకాలి కింది నుంచి. ఆడమనిషి కొలత. చీటీ మీద తన రాతే ఉంది: రామాంజినమ్మ, చెన్నేకొత్తపల్లి దగ్గర పల్లె. మార్చిలో అచ్చు తీసింది. కాలు తయారై మూడు నెలలు కావస్తోంది. మనిషి రాలేదు.

చీటీ మీది నంబరుకు ఫోన్ చేసింది.

"అక్కా, హిందూపురం నుంచి మైమూనాను. నీ కాలు ఎప్పుడో తయారైపోయింది. ఎప్పుడొస్తావు?"

అవతల ఎక్కడో కోడి కొక్కొక్కోమంటోంది.

"కాలు వచ్చేసిందిలే మ్మా," అంది ఆడగొంతు నెమ్మదిగా.

"ఎవురిచ్చినారు? వేరే క్యాంపులో తీసుకున్యావా?"

"ఎవురూ ఈలేదు. నాదే. నా కాలు నాకు వచ్చేసింది." ఫోన్ పెట్టేసింది.

మైమూనా చేతిలోని కాలి వంక చూసింది. రబ్బరు పాదం మీద దుమ్ము పొరలో ఎవరిదో వేలిముద్ర ఉంది. తనదే అయ్యుంటుంది.

"ఇడ్సిపెట్టు మైమూనా," అన్నాడు వర్క్‌షాపు పెద్ద దుర్గాప్రసాద్, సంగతి విని. "రానోళ్ల కోసం ఎంతని చూస్తాం? పాదం ఊడదీసి ఇంకొకరికి వాడుకుంటాంలే."

"మొండి దూరే సాకెట్టు ఇంకెవరికీ సరిపోదు సార్. నేను పోయినాక ఈ కాలు గురించి అడిగేవాళ్లు ఉండరు. దావలోనే గదా, నేనే ఇచ్చి పోతా."

కాలును పాత దుప్పటిలో చుట్టి సంచిలో నిలువుగా పెట్టింది. పెనుకొండ బస్సులో పక్కన కూర్చున్నామె సంచి నోట్లోంచి కనబడుతున్న మడమను చూసి, ఏమీ అనకుండా లేచి వెనక సీటుకు పోయింది.

పెనుకొండలో ఇంటి ముందరి రేకుల పంచలో మైమూనా నాయన లాల్‌సాబ్ పరుపు కుడుతున్నాడు. బారెడు సూది ఒక పక్క గుచ్చి, ఇంకో పక్కకు వంగి లాగి, దారం ముడివేస్తున్నాడు. ఆయన పక్కన చిన్న దిండొకటి కుట్టి ఉంది.

"నీకే," అన్నాడు తల ఎత్తకుండా. "బూరుగు దూది. బరువుండదు. ఆడ ఎట్లాటి దిండ్లు ఇస్తారో ఏమో."

మైమూనా చెప్పులు విడిచి పరుపు ఇంకో కొస పట్టుకుంది. తండ్రి అటునుంచి సూది తోస్తే ఇటునుంచి లాగి అందించింది. చిన్నప్పటి నుంచీ ఇద్దరూ మాట్లాడుకునేది ఇట్లాగే, మధ్యలో పరుపు పెట్టుకుని.

"ఈడ కాళ్లు లేనోళ్లు లేరా?" అన్నాడు లాల్‌సాబ్. ఈ మాట ఆయన ఇదివరకే నాలుగైదు సార్లు అడిగాడు.

"ఉండారు నాయనా. ఈడ చేసేవాళ్లం కూడా నలుగురం ఉండాం. ఆడ ఒక్కరూ లేరు."

ఆయన తల ఊపాడు. మైమూనా ఫోన్ సంగతి చెప్పింది. నవ్వుతాడనుకుంది. ఆయన సూది ఆపాడు.

"ఆ కాలు యాడ పెట్టినారంట?"

"సంచిలో ఉండాది, చూపిస్తా."

"ఇది కాదు. తెగిన కాలు."

మైమూనా ఏడేళ్లలో మూడు వందల కాళ్లు చేసి ఉంటుంది. మొండి పొడవు అడిగింది, గాయం ఎప్పుడు మానిందని అడిగింది, షుగరు ఉందా అని అడిగింది. పోయిన కాలు ఎక్కడుందని ఎవరినీ అడగలేదు. "ఆసుపత్రోళ్లు కాల్చేస్తారేమో," అంది.

లాల్‌సాబ్ ఎడమచెయ్యి చాచాడు. చిటికెన వేలు సగమే ఉంది. దూది ఏకే మిషన్లో పడి పోయిందని మైమూనాకు తెలుసు. అంతకుమించి తెలియదు.

"గుడ్డలో చుట్టుకోనిపోయి గోరీల కాడ మీ జేజినాయన పక్కన పాతినా," అన్నాడు. "ఎండాకాలంలో ఆ దావన పోయినా సరే, లేని వేలికి చలి పుడ్తాది. ఆ జాగా దాటి వస్తే తగ్గిపోతాది. నీకెప్పుడూ చెప్పలేదు. చదువుకున్యావు గదా, ఏమనుకుంటావో అని."

మళ్లీ సూది తోశాడు. మైమూనా అటువైపు నుంచి లాగింది.

మరునాడు చెన్నేకొత్తపల్లిలో బస్సు దిగి ఆటో మాట్లాడుకుని పోయేసరికి పన్నెండు దాటింది. పల్లె నిద్రపోతున్నట్టుంది. గాలి లేదు. రామాంజినమ్మ ఇల్లు చివరిది. రెండు గదులు, ముందర కొట్టం. ఆ వెనక నుంచి కొత్త ఇనప కంచె మొదలై చూపు ఆనినంత దూరం పోతోంది. కంచె అవతల శెనక్కాయ వేసే నేలంతా చదును చేసి, గుంజలు పాతి ఉంది. సోలార్ పలకలు బిగించడానికి.

రామాంజినమ్మ కొట్టంలో చాప మీద కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. నలభై ఏళ్లుంటాయి. ఎడమ పాదానికి అప్పుడే పసుపు రాసుకున్నట్టుంది. మైమూనా కళ్లు అలవాటుగా మొండి వైపు పోయాయి. చీర కుచ్చిళ్లు దాని మీదుగా దిగి చాప మీద పరుచుకున్నాయి. వాటికి అవతల, కుడిపాదం ఉండవలసిన చోట, చాప మీద అరచేయంత తడి పసుపు ఉంది.

"కూచో మ్మా. ఎండలో పడి వచ్చినావు."

మైమూనా సంచి భుజం నుంచి దించి ముందర పెట్టింది.

"కొంచెం పక్కకు జరుపు," అంది రామాంజినమ్మ, మొహం చిట్లించి. "కాలి మీద పెట్టినావు."

మైమూనా సంచిని వెనక్కు లాక్కుంది. లాక్కున్నాక గానీ ఎందుకు లాక్కుందో ఆలోచించలేదు. కోడిపెట్ట ఒకటి గింజలు వెతుక్కుంటూ చాప మీదికి వచ్చింది. ఎడమపాదం దాటింది. పసుపు మరక దగ్గర ఆగి, మెడ చాచి, చుట్టూ తిరిగి పోయింది.

"అక్కా, కాలు పోయినా మెదడులో దాని జాగా అట్లే ఉంటాది. అందుకే ఉన్నట్టు అనిపిస్తాది. శానామందికి అనిపిస్తాది."

"అదే గదా నేను చెప్తాండేది. జాగా ఉండాది. జాగాలో కాలుండాది." ఆమె గొంతులో వాదన లేదు. "మొదట్లో నొప్పికి సచ్చిపోతాననుకున్యా. ఏళ్లు మడిచి కట్టేసినట్టు. మా ఊరి ముసలామె ముత్యాలమ్మ చెప్పింది, పాతిన కాలు వంకరగా పడుంటాది, పోయి తిన్నగా పెట్టండని. మా ఆయప్ప పోయి తవ్వి సరిచేసొచ్చినాడు. ఆ సాయంత్రమే నొప్పి పోయింది. ఇంకోసారి వస్తే ఇంకోసారి సరిచేసినాడు. అప్పట్నుంచి కాలు నాకాడే ఉండాది. మళ్లా నువ్వొక కాలు తెస్తివి. రెండు కాళ్లు ఒక్క జాగాలో యాడ పడతాయి మ్మా?"

ఎవరో వెనక నిలబడి వింటున్నట్టనిపించి మైమూనా తిరిగి చూసింది. ఎవరూ లేరు. కంచె తీగలు ఎండకు చిటచిటమంటున్నాయి.

"ఇప్పుడు నొప్పి లేదా?"

"నెల దినాలుగా మడమ. చీమలు తింటాండట్టు." రామాంజినమ్మ చెయ్యి చాచి గాలిలో, చాపకు రెండు వేళ్ల ఎత్తున, మెల్లగా గీరింది. "ఈ కంచె ఏసినప్పట్నుంచి."

కాలు పోయింది ఆ చేను ఆసామి శెనక్కాయల మిషన్లో. కూలికి పోయి మిషన్లో చెట్లు తోస్తూ ఉంటే చీర చిక్కుకుని లాక్కుంది. పెద్దాసుపత్రిలో కాలు తీసేశారు. ఆసామి చూడటానికి వచ్చి, కాలు పాతుకోవడానికి తన చేని మూల చూపించాడు. అంతకంటే ఏమీ చేయలేదు. ఇప్పుడు చేనంతా సోలార్ కంపెనీకి కౌలుకిచ్చి, రామాంజినమ్మ మొగుడు కొండప్పను గేటు దగ్గర కాపలా పెట్టించాడు. లోపలికి ఎవరినీ పోనివ్వొద్దని ఉత్తరువు. గురువారం ఆ మూలకు జేసీబీ వస్తుందట.

"నా కాలి కాడికి నేను పోకుండా నా మొగుడే తాళమేస్తాడు," అంది రామాంజినమ్మ. "తెచ్చి మన దొడ్లో పెట్టమంటే పలకడు. నువ్వు చెప్పు మ్మా. అది ఇంటికొస్తే నీ కాలు ఏసుకుంటా. దాని చోటు దానికుంటే నీదానికి జాగా ఉంటాది."

మైమూనా గడియారం చూసుకుంది. ఐదు రోజుల్లో తాను ఈ దేశంలో ఉండదు. ఈ చివరి ఇంటికి మళ్లీ ఎవరూ కాలు పట్టుకుని రారు. లేచి గేటు వైపు నడిచింది.

కొండప్ప నీలం చొక్కా వేసుకుని, మెడలో విజిల్‌తో, గుంజ నీడలో కూర్చున్నాడు. ఆమె చెప్పినదంతా విన్నాడు.

"కుదరదు మ్మా. పని పోతాది."

"గురువారం జేసీబీ వస్తే ఆ కాలు బయటపడదా అన్నా? దాన్ని అట్ల ఇసిరేస్తే అక్క తట్టుకుంటాదా?"

కొండప్ప మొహం తిప్పుకున్నాడు. కాసేపటికి గేటు తాళం తీసి, పార భుజాన వేసుకుని ముందు నడిచాడు. మూల దాకా పోయాక, మట్టి కేసి చూస్తూ అన్నాడు:

"ఈడ కాలు లేదు."

మైమూనా ఆగింది.

"ఆసుపత్రోళ్లు ఈలేదు. రూలు లేదన్నారు. మెట్టెలు, ఒక చీర పేలిక చేతిలో పెట్టినారు. దానికి స్పృహ వస్తానే అడిగింది, నా కాలు యాడుండాదని. నేను తీస్కోనిపోయి పాతినా అని చెప్పేసినా. అబద్ధం చెప్పినాక పాతకుంటే ఎట్ల? కాలంత వేపకొమ్మ నరికి, పేలిక చుట్టి, మెట్టెలు కట్టి పాతినా. వేప అయితే చెద పట్టదని." తలగుడ్డతో మొహం తుడుచుకున్నాడు. "జేసీబీ కింద ఎవురికీ తెలియకుండా కలిసిపోతాది గదా అనుకున్యా."

"మరి రెండుసార్లు సరిచేసినావంట గదా?"

"ఊరికే పోయి కాసేపు కూచోనొద్దామనుకున్యా. చూసేవాళ్లుంటారని తవ్వినా. తిన్నగా పెట్టిన కొమ్మ అడ్డంగా తిరిగి ఉన్నింది." అతను మైమూనా కళ్లలోకి చూశాడు. "నేనే తిన్నగా పెట్టింటి మ్మా. నా చేతులతో. రెండోసారీ అంతే."

నేల కదులుతుంది, పందికొక్కులు తవ్వుతాయి అని చెప్పబోయింది మైమూనా. అప్పటికే కొండప్ప తవ్వడం మొదలుపెట్టాడు. మోకాలి లోతుకు పోయాక పార పక్కన పెట్టి చేతులతో మట్టి తీశాడు. పాచి రంగు పేలిక కనబడింది. మూట పైకి తీసి గట్టున పెట్టి, ముడి విప్పాడు.

కొమ్మ గట్టిగా ఉంది. బెరడు కూడా పోలేదు. మెట్టెలు కట్టిన కొసన, వాటికి వెనక పక్క మాత్రం, చెదలు బొరియ చేసుకుని గుల్ల చేశాయి. తెల్లటి పురుగులు ఎండకు చెదిరి పరుగెత్తాయి. ఇంకెక్కడా ఒక్కటి లేదు. మెట్టెలున్నది వేళ్ల వైపయితే, అది సరిగ్గా మడమ.

కొండప్ప గట్టు మీద కూలబడ్డాడు. మైమూనా మోకాళ్ల మీద కూర్చుని కొమ్మను ఒడిలోకి తీసుకుంది. రోజూ అచ్చును పట్టుకునేటట్టే పట్టుకుంది, ఎడమచేత్తో పిక్క భాగం, కుడిచేత్తో కింద. పుల్లతో చెదలను ఒక్కొక్కటే గీరి తీసింది. బొరియలోకి ఊదింది. 

"నువ్వూ ఇట్లే గదా మ్మా చేసేది," అన్నాడు కొండప్ప. "లేని కాలుకు ఇంకొకటి."

మైమూనా పేలిక దులిపి మళ్లీ చుట్టింది.

కొట్టంలో రామాంజినమ్మ వీళ్ల అడుగుల చప్పుడుకే నిటారుగా కూర్చుంది.

"ఎట్లుండాది?"

కొండప్ప తల వంచుకున్నాడు. చెప్పవలసింది మైమూనానే.

"మడమ కాడ చెద పట్టింది అక్కా. దులిపేసినాం."

"చెప్తే విన్యావా?" అంది రామాంజినమ్మ మొగుడి వంక చూసి. "ఇట్ల ఇయ్యి."

అతను కదల్లేదు. ఆమె చేతులు చాపే ఉంచింది. చివరికి మూట ఆమె ఒళ్లో పెట్టి రెండడుగులు వెనక్కు వేశాడు. రామాంజినమ్మ ముడి విప్పలేదు. పైనుంచి కింది దాకా, పని చేసి వచ్చిన కాలును ఒత్తినట్టు, గుడ్డ మీదుగానే ఒత్తింది. మెట్టెలు తగిలినప్పుడు ఆగింది.

"ఎంత తేలికైపోయింది," అంది. "పో, బట్టలుతికే బండ పక్కన పెట్టు. మట్టి మెత్తగా చేసి పెట్టు."

కొండప్ప మూట తీసుకుని దొడ్లోకి పోయాడు. పార చప్పుడు మొదలైంది. రామాంజినమ్మ మైమూనాను దగ్గరకు రమ్మని సైగ చేసింది.

"ఆయప్పకు చెప్పొద్దు."

"ఏమి అక్కా?"

"నాకు తెలుసని."

పార చప్పుడు ఆగి, మళ్లీ మొదలైంది.

"ఆసుపత్రిలో నర్సమ్మ నాకు ముందే చెప్పింది, కాలు ఈరని. ఈయన వచ్చి, ఎత్తుకోని బస్సులో తెచ్చినా, నా చేతులతో పాతినా అన్యాడు. ఎట్ల చెప్పినాడనుకుంటివి! దావలో ఎంత బరువైందో కూడా చెప్పినాడు. అబద్ధమైనా మోసినాడు గదా మ్మా. కాదని ఎట్ల చెప్పేది?"

"మరి నొప్పి? మడమ?"

"నొప్పి నిజమే." రామాంజినమ్మ గొంతు తగ్గించింది. మొదటిసారి ఆమె మొహంలో భయం కనబడింది. "దాంట్లో ఉండేది కట్టో రాయో నాకు తెల్దు. దాన్ని చెద తింటాంటే నాకు తెలుస్తాండాది. అదేమో నువ్వే చదువుకున్యావు, నువ్వు చెప్పు."

మైమూనా తనకు తెలిసినదంతా మధ్యాహ్నమే చెప్పేసింది. ఇంకా ఏదన్నా ఉంటుందేమోనని వెతుక్కుంది. లేదు.

దొడ్లో పార చప్పుడు ఆగింది. మట్టిని అరచేత్తో తట్టి అణిచిన చప్పుడు మూడు సార్లు వినబడింది. రామాంజినమ్మ కళ్లు మూసుకుంది. భుజాలు దిగాయి. తర్వాత చాప మీద పసుపు మరక వైపు చూసి, దేన్నో పక్కకు జరుపుకున్నట్టు, మొండిని ఎడమ వైపు కొద్దిగా తిప్పుకుంది.

"తీయి మ్మా నీ కాలు. చూద్దాం."

మూడు నెలల్లో మొండి చిక్కిపోయింది. మైమూనా రెండు మేజోళ్లకు బదులు నాలుగు తొడిగి సాకెట్టు ఎక్కించింది. కీలు మర రెండు చుట్లు తిప్పి పాదం సరిచేసింది. బట్టలారేసే తీగ పట్టించి నిలబెట్టింది. రామాంజినమ్మ ఊపిరి బిగపట్టి మొదటి అడుగు వేసింది. రెండోది వేసింది. మైమూనా వెనకే వంగి నడుస్తూ మోకాలు చూసింది, నడుము చూసింది. కాలు సరిగ్గా ఉంది. తాను చేసిన మంచి కాళ్లలో ఒకటి.

"యాడన్నా నొస్తాందా?"

"లేదు." ఆమె తీగ వదిలేసి గడప దాకా పోయింది. "రెండిట్లోనూ నొప్పి లేదు."

ధర్మవరంలో అక్క షహీన్ ఇంట్లో చివరి రెండు రోజులు గడిపి, శనివారం మధ్యాహ్నం మైమూనా బెంగుళూరు రైలుకు స్టేషన్‌కు వచ్చింది. పెట్టెలు అక్క మొగుడు బోగీలో పెట్టి దిగుతున్నాడు. అప్పుడు కిటికీ దగ్గర కూర్చున్న మైమూనాకు కొండప్ప, రామాంజినమ్మ ప్లాట్‌ఫారం మీద కనబడ్డారు. రామాంజినమ్మ చేతికర్ర లేకుండా నడిచి వస్తోంది. జనం ఆమెను తోసుకుంటూ పోతున్నారు, కాలు సంగతి ఎవరికీ తెలియడం లేదు.

"రైలు టైము నువ్వు చెప్తివి గదా, చూపించి పోదామని వచ్చినాం," అన్నాడు కొండప్ప. మెడలో విజిల్ లేదు. గేటు తీసినందుకు పని పోయిందని అతనే చెప్పాడు, పెద్దగా పట్టించుకోనట్టు.

"గురువారం జేసీబీ వచ్చిందా?"

"వచ్చింది. మూలంతా తవ్వింది." అతను భార్య వంక చూశాడు. "దీనికేం కాలేదు. ఆ వేళ దొడ్లో కూచోని బియ్యం ఏరుకుంటా ఉన్నింది."

రామాంజినమ్మ కిటికీ చువ్వ పట్టుకుంది. "ఆడోళ్ల మాట నీకు వస్తాదా మ్మా?"

"రాదక్కా. పది మాటలు నేర్చుకున్యా. కూచో, నిలబడు, నొస్తాందా, ఇట్లాటివి."

"యాడ అనే మాట నేర్చుకో."

రైలు కదిలింది. మైమూనా కిటికీ చువ్వలకు మొహం ఆనించి చూసింది. అలవాటు కొద్దీ కళ్లు పాదాల మీదికే పోయాయి. బరువు రెండు కాళ్ల మీదా సమంగా పడుతోంది, నడుము వంగడం లేదు. జనం పలచబడ్డారు. కొండప్ప, రామాంజినమ్మ పక్కపక్కనే నిలబడి చేతులూపుతున్నారు. ఆమె కుడి పక్కన అతనున్నాడు. ఇద్దరి నడుమ నేల మీద ఒక పాదం పట్టేంత చోటు ఖాళీగా ఉంది.

మూట నెత్తిన పెట్టుకున్న కూలీ ఒకడు వాళ్ల మధ్య నుంచి దూరి పోబోయాడు. కొండప్ప చెయ్యి అడ్డం పెట్టి, అతన్ని చుట్టూ తిరిగి పొమ్మన్నాడు.